నాలుగు రోజుల మేక

మాసబ్ ట్యాంక్ చౌరస్తాలో పశువుల దవాఖాన ఎక్కడని అడిగితే చాలామంది శాంతినగర్ వైపు చెయ్యి చూపిస్తారు. వాళ్ల తప్పేం లేదు. పశుసంవర్ధక శాఖ డైరెక్టరేట్ అక్కడే, పశువుల టీకాలు తయారుచేసే వీబీఆర్ఐ కూడా అక్కడే. కాకపోతే ఒకచోట ఉండేవి ఫైళ్లు, ఇంకోచోట ఉండేవి సీసాలు. వాంతులు చేసుకుంటున్న కుక్కపిల్లను టవల్లో చుట్టుకుని వచ్చినవాళ్లకు ఆ రెంటితోనూ పని లేదు. నేనుండేది ఈ పేటలోనే కాబట్టి అలాంటివాళ్లు అప్పుడప్పుడూ ఎదురుపడుతుంటారు. నారాయణగూడ సూపర్ స్పెషాలిటీకో, మా కాలేజీ ఆసుపత్రికో దారి చెప్పి పంపుతుంటాను.

మా కాలేజీ అంటే వెటర్నరీ కాలేజీ, రాజేంద్రనగర్. 1946లో మొదలైంది. మొదట ఉస్మానియా నీడన ఉండేది, 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చాక అందులో కలిసింది, 2005లో తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వెళ్లింది, రాష్ట్రం విడిపోయాక పీవీ నరసింహారావు పేరిట మనకే ఒక పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. మెహిదీపట్నం దాటాక నెత్తిమీద సాగే ఎక్స్‌ప్రెస్‌వే కూడా పీవీ గారి పేరుదే కాబట్టి, ఇంటి నుంచి కాలేజీ దాకా ఆయన పేరు కిందే ప్రయాణం. బోర్డు మీద పేర్లు మారినా ఓపీలో ట్రెవిస్ గొట్టాల మధ్య నిలబెట్టిన బర్రె డాక్టరు చొక్కా మీదికి తోక విసిరే తీరు మాత్రం మారలేదు.

మా కోర్సు అయిదున్నరేళ్లు. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ ఏడాది వచ్చే పిల్లలకు మందుల పేర్లు, మోతాదులు నోటికొచ్చేసి ఉంటాయి. రానిదల్లా ఒక ప్రశ్న: ఈ జంతువు వీళ్లకు ఏమవుతుంది? పాలకా, మాంసానికా, కాపలాకా, ముద్దుకా, లేక ఏమీ కాదా? మనుషుల డాక్టరు ఈ ప్రశ్న అడగక్కర్లేదు. మేం అడగకుండా సూది ఎత్తలేం. మొదట్లో పిల్లలకు ఇది చేదుగా ఉంటుంది. ప్రాణం ముందా, ధర ముందా అని నాతో వాదానికి దిగుతారు. వాదించనిస్తాను. ఈ ప్రశ్న అడగడం మా వృత్తికి నామోషీ కాదని, అదే మా వృత్తి అని నా నమ్మకం. అయితే ఆ మాట క్లాసులో చెబితే ఎక్కదు, ఓపీలో నిలబడాల్సిందే.

ప్లాస్టిక్ తిన్న ఆవులది మామూలు కథ అయిపోయింది. పొద్దున పాలు పిండుకుని రోడ్డు మీదికి వదిలేస్తారు, అది చెత్తకుండీ దగ్గర అన్నం వాసనకు క్యారీబ్యాగుతో సహా మింగేస్తుంది. పొట్ట ఉబ్బి, నెమరు ఆగి, ఎముకలు తేలాక మా దగ్గరికి వస్తుంది. నిలబెట్టే, ఎడమ డొక్క మొద్దుబారేలా మత్తిచ్చి, కోసి, పెద్దపొట్ట తెరిచి, భుజం దాకా చెయ్యి పెట్టి లాగుతాం. కవర్లు, తాళ్లు, చీర పేలిక, ఓసారి ఎవరిదో జడ క్లిప్పు. బకెట్ల కొద్దీ వస్తుంది. కుట్లేశాక యజమాని అడిగేది ఒకటే: పాలు ఎన్నాళ్లు పోయొద్దు సార్? యాంటీబయాటిక్ పాలలోకి దిగుతుంది కనుక అది అడగాల్సిన ప్రశ్నే. నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: మళ్లీ రోడ్డు మీదికి వదులుతావా? దానికి జవాబు రాదు. ఈ ఆపరేషన్ మీద నాకు గౌరవమే గానీ మోజు లేదు.

అత్తాపూర్ వైపు నుంచి వచ్చిన ఒక బర్రె సంగతి వేరు. నోట్లోంచి చొంగ తీగలుగా కారుతోంది, గొంతు బొంగురుపోయి ఆగకుండా అరుస్తోంది. "మామిడి టెంక అడ్డం పడ్డట్టుంది సారూ, నిన్నటి సంది మేత ముడతలేదు" అన్నాడు ఆసామి. ఎండాకాలం, మామిడి రోజులు, నమ్మదగ్గ మాటే. మా ఇంటర్న్ కుర్రాడు చొక్కా చేతులు పైకి లాక్కుని నోట్లో చెయ్యి పెట్టబోయాడు. మా దగ్గర ముప్పై ఏళ్లుగా ఉన్న అటెండరు అతని మణికట్టు పట్టుకుని వెనక్కి గుంజాడు. "ఆగు బిడ్డా, అరుపు విను ముందు" అన్నాడు.

పుస్తకంలో 'గొంతులో అడ్డం' అనే అధ్యాయం పక్కనే ఉండాల్సిన హెచ్చరిక అది. రేబిస్‌లో గొంతు కండరాలు పడిపోతాయి, మింగలేదు, చొంగ కారుతుంది, చూసేవాళ్లకు ఏదో ఇరుక్కున్నట్టే ఉంటుంది. కుక్క ఏమైనా కరిచిందా అని అడిగితే ఆసామి కాసేపు ఆలోచించి, నెలన్నర కింద ఒక కుక్క మూతి మీద గోకిందని, పసుపు పెట్టామని చెప్పాడు.

లక్షణాలు మొదలయ్యాక ఆ బర్రెకు చెయ్యగలిగింది లేదు. విడిగా కట్టేయించాం. ఆసామి నన్ను పక్కకు పిలిచి మెల్లగా, "కసాయోడికి ఇచ్చేస్తే కొంతన్నా చేతికొస్తది గదా సారూ" అన్నాడు. ఆ మాటకు ఇంటర్న్‌లు మండిపడ్డారు. నాకు కోపం రాలేదు. ఇంటిల్లిపాదికీ ఆధారమైన బర్రె అది, బీమా లేదు, రేపటి నుంచి పాల ఖాతాలు ఎట్లా నడపాలో అతనికి తెలియదు. కూర్చోబెట్టి, ఆ మాంసం కోసేవాడి చేతికి, కడిగేవాళ్ల చేతికి ఏం జరగొచ్చో చెప్పాను. అప్పటిదాకా బర్రె గురించి మాట్లాడినవాడు అప్పుడు అడిగాడు, "మా ఆడామె నిన్న టెంక కోసం నోట్లె చెయ్యి వెట్టింది, ఎట్ల మరి?"

అక్కణ్నించి రోగి మారిపోయింది. ఎవరు మేత వేశారు, ఎవరు నోరు కడిగారు, ఎవరి చేతికి పుండు ఉంది అని ఒక్కొక్కరినీ అడిగి తెల్లకాగితం మీద రాశాం. కాచిన పాలతో భయం లేదని ముందే చెప్పేశాం, లేకపోతే వాడకట్టంతా కదిలి వచ్చేది. పచ్చిపాలు ఎవరైనా తాగారా అని మాత్రం విడిగా కనుక్కున్నాం. చివరికి తొమ్మిది పేర్లు తేలాయి. వాళ్లను రేబిస్ టీకాల కోసం నారాయణగూడ ఐపీఎంకు పంపాం. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు అని తేదీలు వేసి ఒక్కొక్కరి చేతికి చీటీ ఇచ్చింది ఆ చెయ్యి పెట్టబోయిన కుర్రాడే. బర్రె మూడో రోజున చనిపోయింది. మెదడు ముక్కను ఫ్లోరసెంట్ యాంటీబాడీ పరీక్షకు పంపితే రేబిస్ అనే తేలింది. కేస్ షీట్ బర్రె పేరున, వైద్యమంతా మనుషులకు.

విజయనగర్ కాలనీ నుంచి ఒక టీచరమ్మ తెచ్చిన వీధికుక్క కేసు ఇంకో రకం. ఆడకుక్క, వెనక నుంచి రక్తం చుక్కలుగా కారుతోంది. ఎదకొచ్చిందనుకుని ఆవిడ కొన్ని వారాలు ఊరుకున్నారట. తీరా చూస్తే లోపల ఎర్రటి కండ, ముట్టుకుంటే రక్తం. స్లైడ్ దాని మీద అద్ది మైక్రోస్కోప్ కింద పెడితే గుండ్రటి కణాలు, వాటి లోపల ఖాళీ బుడగలు. టీవీటీ. ఇది కుక్క నుంచి కుక్కకు జతకట్టేటప్పుడు, నాకేటప్పుడు అంటుకునే క్యాన్సర్. అంటించేది క్రిమి కాదు, క్యాన్సర్ కణమే. ఎప్పుడో వేల ఏళ్ల కిందట ఒకే ఒక్క కుక్కలో పుట్టిన కణం ఒంటి నుంచి ఒంటికి మారుతూ ప్రపంచమంతా తిరుగుతోందని జన్యుపరీక్షల్లో తేలింది. ఆ కుక్క ఎప్పుడో పోయింది, దాని కణం మాత్రం విజయనగర్ కాలనీ దాకా వచ్చింది. ఇంటర్న్‌లు ఆ స్లైడ్‌ను వదల్లేదు. ఫోన్లో ఫొటోలు తీసుకున్నారు.

మందు సులువే. విన్‌క్రిస్టిన్, వారానికొకటి, నాలుగు నుంచి ఆరు వారాలు. చాలా కుక్కలు పూర్తిగా బాగవుతాయి. చిక్కల్లా, వారం వారం వీధికుక్కను పట్టి తెచ్చేదెవరు? రెండో సూది అయ్యాక అది టీచరమ్మ ఆటో చప్పుడు గుర్తుపట్టి కిరాణా కొట్టు మెట్ల కిందికి దూరేది. మూడో వారం ఆవిడ ఆటో మానేసి పక్కింటివాళ్ల కారు అడిగి తెచ్చుకున్నారు. ఆవిడ కుక్క కాదు అది, ఎవరిదీ కాదు, పేరు కూడా ఆసుపత్రి రిజిస్టర్ కోసం అప్పటికప్పుడు పెట్టిందే. కోర్సు పూర్తయ్యాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేయించి, చెవి కొస కత్తిరించిన గుర్తుతో, నిబంధన ప్రకారం పట్టుకున్న వీధిలోనే వదిలిపెట్టారు.

ఇక మేక.

బక్రీద్‌కు ముందు వారమంతా మాకు మేకల ఓపీయే. మల్లేపల్లి, ఆసిఫ్‌నగర్, మెహిదీపట్నం ఇళ్లలో అప్పుడే కొన్న మేకలు, పొట్టేళ్లు ఉంటాయి. పిల్లలు వాటికి స్నానాలు పోస్తారు, మెడలో పూసలు వేస్తారు, తమ పళ్లెంలోది పెడతారు. సరిగ్గా ఆ పళ్లెమే వాటికి ముప్పు. ఆకులూ గడ్డీ తిని బతికిన పొట్టలోకి ఒక్కసారిగా అన్నం, గోధుమలు, నానబెట్టిన శనగలు పడితే అక్కడి సూక్ష్మజీవుల లెక్క తలకిందులవుతుంది, లాక్టిక్ ఆమ్లం పుడుతుంది, ఒంట్లో నీరంతా పొట్టలోకి లాగేస్తుంది. ఇలా బలిసిన మేకలకే ఇంకో గండం చిటుక రోగం, రాత్రి బాగున్నది తెల్లారేసరికి ఉండదు. దాని టీకా తయారయ్యేది శాంతినగర్‌లో, ఈ ఇళ్లకు కూతవేటు దూరంలో. ఊళ్లలో గొర్రెలకాపరి అడిగి వేయించుకుంటాడు. పట్నంలో నెలకోసం మేకను కొన్నవాళ్లకు ఆ టీకా ఒకటుందనే తెలియదు.

పండగ నాలుగు రోజులుందనగా ఒక తండ్రీ, పదేళ్ల కొడుకూ తమ మేకను దుప్పట్లో మోసుకొచ్చారు. కళ్లు లోపలికి పోయాయి, పళ్లు కొరుకుతోంది, ఎడమ డొక్క కదిపితే సగం నిండిన బిందెలా చప్పుడు. గొట్టం వేసి తీసిన రసం పచ్చగా ఉండాల్సింది పాలిపోయి పుల్లటి వాసన వేస్తోంది. పీహెచ్ కాగితం మీద అయిదు కూడా లేదు. మంచి మేకలో ఆరూ ఏడూ మధ్య ఉంటుంది. మైక్రోస్కోప్ కింద ఈదుతూ కనిపించాల్సిన ప్రోటోజోవా ఒక్కటీ కదలడం లేదు.

"చార్ దిన్ కీ బాత్ హై డాక్టర్ సాబ్" అన్నాడు తండ్రి. నాలుగు రోజులు బతికితే చాలు. కేసు చూస్తున్న అమ్మాయి, మా ఇంటర్న్, నా వైపు చూసిన చూపులో అయిదున్నరేళ్ల చదువూ ఉంది.

ఇంత ముదిరితే పొట్ట కోసి కడగమంటుంది పుస్తకం. కానీ ఖుర్బానీకి లోపం లేని జంతువు కావాలి, డొక్క మీద తాజా కుట్లతో ఉన్నదాన్ని వాళ్ల పెద్దలు ఒప్పుకుంటారో లేదో. యాంటీబయాటిక్ వెయ్యాలంటే ఇంకో లెక్క. లాంగ్ యాక్టింగ్ ఆక్సీటెట్రాసైక్లిన్ వేస్తే కొన్ని లేబుళ్ల ప్రకారం 28 రోజుల దాకా ఆ మాంసం తినకూడదు. ఇదంతా తండ్రికి విడమరిచి చెప్పాను. ముందు అవేవీ లేకుండా చూద్దాం, తప్పకపోతే సూది వేస్తాం, అప్పుడు ఈ పండక్కి దీన్ని కొయ్యడానికి లేదు అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. "అట్లయితే ఇంకోటి కొంటాం, ఇది ఉండనీ" అన్నాడు.

గొట్టంతో కడిగాం, సోడా బైకార్బొనేట్ పట్టించాం, నరానికి సెలైన్ కట్టాం, బీ1 ఇచ్చాం. ఫామ్‌లోని మంచి మేక పొట్ట నుంచి రసం తీసి దీనికి పోశాం. సెలైన్ సాగుతుండగా ఆ పిల్లవాడు తండ్రి చాయ్‌కి వెళ్లేదాకా ఆగి ఇంటర్న్ దగ్గరికి వచ్చి, "బాజీ, ఓ సూయి లగా దో నా" అన్నాడు. ఏ సూది అని అడిగింది ఆమె. అదే, వేస్తే కొయ్యకూడని సూది.

ఆమె వచ్చి నాకు చెప్పింది. అవసరం లేని మందు వెయ్యం అన్నాను. "పోయిన నెల ఆ లాబ్రడార్ వాళ్ల మనసు కోసం విటమిన్ వేశాం కదా సార్, దానికి అవసరం ఏముంది?" అంది. అది వేరు, దాంతో ఎవరికీ నష్టం లేదన్నాను. "దీంతో ఎవరికి నష్టం సార్? ఆయన ఇంకోటి కొంటానన్నాడుగా" అంది. ఆ ఇంకో మేక సంగతి ఆలోచించావా అన్నాను. ఆమె మాట్లాడకుండా వెళ్లి సెలైన్ చుక్కల వేగం సరిచేసింది. పిల్లవాడికి ఆమె ఏం చెప్పిందో నేను అడగలేదు.

మర్నాడు పొద్దున మేక లేచి నిలబడింది. సాయంత్రానికి సుబాబుల్ రెమ్మ కొరికి నెమరు వేసింది. మూడో రోజు నడుచుకుంటూ వెళ్లింది. పండగ అయ్యాక తండ్రి మా ఓపీకి మాంసం పొట్లం తెచ్చి, రెండు చేతులతో ఇచ్చి వెళ్లాడు, పిల్లవాడు రాలేదు. ఇంటర్న్‌లు హాస్టల్లో వండుకున్నారు. ఆ అమ్మాయి భోజనానికి వెళ్లకుండా కూర్చుని పెండింగ్ కేస్ షీట్లు పూర్తిచేసింది, మేక షీట్‌లో ఫలితం అన్నచోట 'రికవర్డ్' అని రాసి నా సంతకానికి పెట్టింది.