టెక్సస్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు కావాలంటే

అమెరికాలో టీచరు లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. కానీ స్పెషల్ ఎడ్యుకేషన్‌కు పునాది కేంద్ర చట్టం. 1975లో వచ్చి, 1990లో ‘ఐడియా’గా పేరు మారిన ఈ చట్టం ప్రకారం, వైకల్యం వల్ల ప్రత్యేక బోధన అవసరమైన 3 నుంచి 21 ఏళ్లవారికి తగిన చదువు ఉచితంగా అందాలి. చట్టం గుర్తించిన వైకల్యాలు 13 రకాలు. ఆటిజం, వినికిడి లోపం, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు వాటిలో ఉన్నాయి. ఈ పిల్లలకు పాఠం చెప్పే టీచరుకు కనీసం డిగ్రీ, దానితోపాటు రాష్ట్ర సర్టిఫికెట్ ఉండాలి.

టెక్సస్‌లో ఈ టీచర్ల అవసరం పెరగడం వెనుక ఒక చరిత్ర ఉంది. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉండే పిల్లలు మొత్తం విద్యార్థుల్లో 8.5 శాతం దాటకూడదన్నట్టు 2004లో రాష్ట్ర విద్యాశాఖ ఒక సూచిక పెట్టింది. దానివల్ల అర్హులైన పిల్లలెందరో బయటే ఉండిపోయారు. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. 2017లో శాసనసభ అలాంటి పరిమితిని నిషేధించింది. 2018లో కేంద్ర విద్యాశాఖ చట్ట ఉల్లంఘన జరిగిందని తేల్చింది. అప్పటినుంచి పిల్లల సంఖ్యతోపాటు టీచర్ల గిరాకీ కూడా పెరిగింది.

ఇండియాలో చదివినవారికి మొదటి మెట్టు డిగ్రీ మూల్యాంకనం. గుర్తింపు పొందిన సంస్థ మార్కుల జాబితాలను పరిశీలించి, ఆ చదువు అమెరికన్ బ్యాచిలర్ డిగ్రీకి సమానమో కాదో చెబుతుంది. నాలుగేళ్ల బీటెక్‌కు సాధారణంగా ఇబ్బంది ఉండదు. మూడేళ్ల బీఏ, బీఎస్సీల విషయంలో మాత్రం ఒక్కో సంస్థది ఒక్కో లెక్క. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన స్పెషల్ బీఎడ్ ఉన్నా, ఆ కౌన్సిల్ ఇచ్చే రిజిస్ట్రేషన్ టెక్సస్‌లో నేరుగా చెల్లదు. డిగ్రీ అమెరికాలో చేయనివారు ఇంగ్లిష్ ప్రావీణ్యం నిరూపించుకోవడానికి టోఫెల్ రాయాల్సి రావచ్చు.

రెండో మెట్టు టీచర్ ప్రిపరేషన్ ప్రోగ్రామ్. విశ్వవిద్యాలయాలు, ప్రాంతీయ విద్యాసేవా కేంద్రాలు, ప్రైవేటు సంస్థలు వీటిని నడుపుతాయి. ప్రవేశానికి సాధారణంగా 2.5 జీపీఏ అడుగుతారు. అభ్యర్థి కోర్సులు చదువుతూ, తరగతులు పరిశీలిస్తూ, స్పెషల్ ఎడ్యుకేషన్ సబ్జెక్టు పరీక్ష రాయాలి. ఆ తర్వాత ముఖ్యంగా రెండు దారులు: సాధారణంగా జీతం లేకుండా ఒక సెమిస్టరు పాటు క్లినికల్ టీచింగ్, లేదా జీతంతో ఏడాదిపాటు ఇంటర్న్‌షిప్. ఇంటర్న్‌షిప్ ఉద్యోగమే కాబట్టి పని చేసే అనుమతి తప్పనిసరి. హెచ్‌1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చే హెచ్‌4 వీసాపై ఉన్నవారిలో కొందరికి 2015 నుంచి ఆ అనుమతి దొరుకుతోంది. లేనివారు చదువుకోవచ్చు గానీ జీతం తీసుకోకూడదు. బోధనా పద్ధతుల పరీక్ష, వేలిముద్రల తనిఖీ కూడా పూర్తయ్యాకే స్టాండర్డ్ సర్టిఫికెట్ వస్తుంది.

సర్టిఫికెట్ వచ్చిన టీచరు పనిలో సగం పాఠమైతే సగం కాగితం. పిల్లవాడికి వైకల్యం ఉందో లేదో పరీక్షించేది టీచరు కాదు, డయాగ్నస్టీషియన్ వంటి నిపుణులు. తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకున్నాక సాధారణంగా 45 బడి రోజుల్లో ఆ పరీక్ష ముగియాలి. తర్వాత తల్లిదండ్రులు, టీచర్లు, అధికారి కలిసి కూర్చుని అర్హత తేల్చి, ‘ఐఈపీ’ అనే వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాస్తారు. దేశమంతటా ఐఈపీ మీటింగ్ అనేదాన్ని టెక్సస్‌లో ‘ఆర్డ్’ అంటారు. ‘చదవడం మెరుగవుతుంది’ అని రాస్తే అది లక్ష్యం కాదు. ఏ స్థాయి పేరా, నిమిషానికి ఎన్ని పదాలు, పదిసార్లలో ఎన్నిసార్లు అన్నది రాయాలి, ప్రగతిని క్రమం తప్పకుండా నమోదు చేయాలి. ప్రణాళికను ఏడాదికోసారైనా సమీక్షించాలి. అర్హతను సాధారణంగా మూడేళ్లకోసారి మళ్లీ చూడాలి. ఈ రాత తప్పితే చట్టమే తప్పినట్టు. కొత్త టీచర్లకు పరీక్షలకన్నా కష్టమనిపించేది ఇదే.

తెలుగు తెలిసిన టీచరు ప్రత్యేకంగా ఉపయోగపడేది కూడా ఈ ఆర్డ్ మీటింగ్ దగ్గరే. ఇంట్లో తెలుగే మాట్లాడి, బడిలో ఆలస్యంగా ఇంగ్లిష్ అందుకున్న పిల్లవాడిని కేవలం ఆ కారణంగా వైకల్యం ఉన్నవాడిగా లెక్కించడానికి చట్టం ఒప్పుకోదు. వీలైనంతవరకు అతని భాషలోనే పరీక్షించాలి. ఇంగ్లిష్ సరిగా రాని తల్లిదండ్రులకు బడి దుబాసీని ఏర్పాటు చేయాలి. ‘స్పెషల్ ఎడ్’ అనగానే బిడ్డకు ముద్ర పడిపోతుందని భయపడే కుటుంబాలకు, ఇది వేరే బడికి పంపడం కాదని, చాలామంది పిల్లలు మామూలు తరగతిలోనే ఉండి రోజులో కొంతసేపు సాయం పొందుతారని సొంత భాషలో చెప్పగలిగితే సంతకం పెట్టే చేయి వణకదు.

స్టాండర్డ్ సర్టిఫికెట్‌ను ఐదేళ్లకోసారి, 150 గంటల శిక్షణ చూపించి పునరుద్ధరించుకోవాలి. వేరే రాష్ట్రానికి మారితే అక్కడి విద్యాశాఖకు మళ్లీ దరఖాస్తు చేయాలి. ఏ రాష్ట్రానికి వెళ్లినా మారనిది ఐఈపీ ఒక్కటే.