కాకి వాలినంతలో తాటిపండు రాలింది

మా ఇంటి కంప్యూటరు ఆరు వారాల పాటు కారణం తెలియకుండా స్తంభించిపోతూ వచ్చింది. తెరపై అక్షరాలు ఎక్కడివక్కడే నిలిచిపోయేవి. మౌస్ కదిలేది కాదు. మీట నొక్కి ఆపి, మరల వెలిగించడం తప్ప గత్యంతరం ఉండేది కాదు. ఒక దినం మూడు పర్యాయాలు ఆగేది, ఆపై నాలుగు దినాలు నిరాటంకంగా పనిచేసేది. ఆ కాలంలో యంత్రం కంటె ఎక్కువగా చెడినది నా వివేకం. అందుచేత ఈ వృత్తాంతం జిజ్ఞాసువులకు ఉపయుక్తం కావచ్చునని వ్రాస్తున్నాను.

ఆ యంత్రంపై నేను చేస్తున్నది స్వల్పమైన పని కాదు. అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహానికి మా తండ్రిగారు తెలుగులో వ్రాసుకొన్న వివరణ మా ఇంట వ్రాతప్రతిగా ఉంది. కాగితం పెళుసెక్కి అంచులు రాలుతున్నాయి. ఆయన సంవత్సరీకం నాటికి దానినంతటినీ టైపు చేసి భద్రపరచాలని సంకల్పించాను. హేత్వాభాసల ప్రకరణం నడుస్తూండగా ఈ విఘ్నం ఆరంభమయింది.

దానికి రెండు దినాల ముందు, ఇంటర్మీడియట్ చదివే మా మనుమడు అందులో ఒక ఆటను ఎక్కించుకొన్నాడు. యంత్రం ఆగి, అరపుట మాయం కాగానే నేను తీర్పు చెప్పేశాను: "నీ ఆట వల్లనే ఇదంతా." వాడు నెమ్మదిగా, "తాతగారూ, సంక్రాంతికి ముందు కూడా ఒకసారి ఇట్లాగే ఆగింది కదండీ, అప్పటికి ఆట లేదు" అన్నాడు. "అది కరెంటు హెచ్చుతగ్గుల వల్ల. పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పకు" అన్నాను. వాడు మాట్లాడకుండా ఆటను తీసివేశాడు. ఆనాటి నుండి నా గదిలోకి రావడం కూడా మానివేశాడు.

కాకి తాటిచెట్టుపై వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి బరువుకే పండు రాలిందనుకోవడం మనస్సుకు సహజం. దీనినే పెద్దలు కాకతాళీయ న్యాయమన్నారు. పూర్వాపరాలు కనబడినంత మాత్రాన కార్యకారణ సంబంధం సిద్ధించదు.

ఆటను తొలగించిన వారంలోనే యంత్రం మూడు మార్లు స్తంభించింది. కారణమని చెప్పబడినది లేకపోయినా కార్యం పుట్టింది. తార్కికులు దీనిని వ్యతిరేక వ్యభిచారం అంటారు. అక్కడితో నా వాదం వీగిపోవాలి. కాని నేను, "ఆట అవశేషాలు ఎక్కడో మిగిలి ఉంటాయి" అన్నాను. ఒక దినమంతా వెచ్చించి విండోస్‌ను సమూలంగా తుడిచి మరల ఎక్కించాను. మూడవనాడు మరల ఆగిపోయింది. వ్యభిచారాన్ని గురించి తండ్రిగారు వ్రాసిన పుటను ఆ ముందు దినమే టైపు చేసి ఉన్నాను. ఆ వాక్యాలు నా వ్రేళ్ళ మీదుగా పోయినవే గాని బుద్ధిని తాకలేదు.

అప్పుడు సిగ్గుపడి, క్రమమార్గం పట్టాను. ఒక పర్యాయానికి ఒకే మార్పు చేయాలని, ఫలితం తెలియనిదే రెండవదానికి పోరాదని నియమం పెట్టుకొన్నాను. రెండు మార్పులు ఒకేమారు చేస్తే దోషం తొలగినా దేనివలన తొలగిందో తెలియదు కదా. ఒక నోటుపుస్తకంలో ఆగిన వేళను, ఆ సమయంలో నడుస్తున్న పనిని వ్రాయసాగాను.

ఆగిన ప్రతిసారీ క్యాప్స్‌లాక్ మీట నొక్కి చూశాను. దాని చిన్న దీపం మారుతూ ఉంటే లోపల వ్యవస్థ ఇంకా స్పందిస్తున్నదని, తెరో ఒకానొక ప్రోగ్రామో మాత్రమే చిక్కుపడినదని ఊహించవచ్చు. నా యంత్రంలో దీపం మారలేదు. అంతా నిశ్చేష్టమే.

ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అనే నమోదు కనిపించింది. చాలామంది దానినే రోగమనుకొంటారు. యంత్రం సక్రమంగా మూతపడకుండా మరల మొదలయిందని మాత్రమే దాని అర్థం. అది కార్యాన్ని చెప్తుంది, కారణాన్ని చెప్పదు.

తరువాత ఉష్ణోగ్రత చూశాను. కేబినెట్ విప్పి, ఫ్యాన్లలోని ధూళిని మెత్తని కుంచెతో తుడిచాను. ప్రాసెసరు వేడి 60 డిగ్రీలు దాటడం లేదు. అయినా ఆగింది. డిస్కు ఆరోగ్యం పరీక్షించాను, దోషం లేదు. పిదప పెన్‌డ్రైవ్ నుండి లినక్స్ నడిపించాను. ఇందులో విండోస్ లేదు, ఆట అసలే లేదు. రెండవనాటి సాయంకాలం అది కూడా స్తంభించింది. సాఫ్ట్‌వేర్ నిర్దోషి అని తేలింది. దోషం యంత్ర శరీరంలోనే ఉంది.

మెమ్‌టెస్ట్86 అనే పరీక్షను రాత్రంతా నడిపించాను. అది ర్యామ్‌లోని ప్రతి స్థానంలోనూ ఒక విలువను వ్రాసి, మరల చదివి, వ్రాసినదే వచ్చిందా అని చూస్తుంది. తెల్లవారేసరికి తెరపై ఎర్రని వరుసలు. నా యంత్రంలో రెండు ర్యామ్ పలకలున్నాయి. ఒకటి మొదటినుండి ఉన్నది. రెండవది డిసెంబరులో, పని వేగంగా సాగాలని, నేనే చవకగా కొని తెచ్చి, నా చేతులతో అమర్చినది. ఒక్కొక్క పలకను విడివిడిగా, అదే స్లాటులో ఉంచి పరీక్షించాను. పాతది నాలుగు ఆవృత్తులు నిర్దోషంగా గడిచింది. క్రొత్తది తప్పింది. దానినే రెండవ స్లాటులోకి మార్చాను, అక్కడా తప్పింది. కనుక దోషం స్లాటుది కాదు, పలకది. అది ఉన్నప్పుడు దోషం ఉంది, లేనప్పుడు లేదు. ఇప్పుడు అన్వయమూ వ్యతిరేకమూ రెండూ కుదిరాయి.

మరి దోషం నిత్యంగా ఉన్నప్పుడు స్తంభనం అప్పుడప్పుడే ఎందుకు కలగాలి? దీనికి సమాధానం తర్కసంగ్రహంలోనే దొరికింది. అగ్ని ఉన్నచోటల్లా ధూమం ఉండదు. తడికట్టెల సంయోగం కావాలి. 8 జీబీ పలకలో సుమారు 6,870 కోట్ల బిట్లుంటాయి. చెడినవి కొన్నే. ఆ స్థానంలో ఏమీ లేనప్పుడు యంత్రం చక్కగా నడుస్తుంది. వ్యవస్థకు ప్రాణమైన సూచన ఒకటి సరిగా అక్కడే పడితే ఆగిపోతుంది. మనకు యాదృచ్ఛికంగా తోచేదానికి కూడా నియమం ఉంది. అది మన దృష్టికి అందలేదు, అంతే.

పలకను తొలగించి నలుబది దినాలయింది. యంత్రం ఒక్కమారు కూడా ఆగలేదు.

మనుమణ్ణి పిలిచి ఎర్రని వరుసల ఫోటో చూపించాను. "నాయనా, తప్పు నేను తెచ్చిన పలకది. సంక్రాంతి ముందు సంగతి నీవు చెప్పినప్పుడు వినవలసింది. వినలేదు" అన్నాను. వాడు ఫోటో వైపే చూస్తూ, "ఇది వారంటీలో ఉందా తాతగారూ?" అని అడిగాడు. అంతకుమించి ఏమీ అనలేదు. మరునాటి సాయంకాలం నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

ఒక చింత మాత్రం మిగిలింది. చెడిన ర్యామ్ యంత్రాన్ని ఆపడమే కాదు, ఆపకుండానే అక్షరాన్ని మార్చగలదు. యూనికోడ్‌లో 'ద' సంఖ్య 3110, 'ధ' సంఖ్య 3111. రెంటికీ భేదం ఒక్క బిట్టు. అందుచేత అప్పటివరకు టైపు చేసినదంతా వ్రాతప్రతితో సరిచూడడం అవసరమయింది. తండ్రిగారి దస్తూరీని నేను చదువుతూంటే, మనుమడు తెరపై అక్షరాలను పోల్చాడు. పదకొండు సాయంకాలాలు పట్టింది. ఒకచోట 'ధ' ఉండవలసినచోట 'ద' ఉన్నదని వాడే పట్టుకొన్నాడు.

"ఇది ర్యామ్ చేసిందా, మీరు చేశారా?" అని అడిగాడు. నా కీబోర్డులో ఆ రెండక్షరాలకూ ఒకటే మీట, షిఫ్ట్ నొక్కడంలోనే భేదం. ఆ దోషం యంత్రానిదో నా వ్రేలిదో నిర్ణయించే హేతువు నా వద్ద లేదు. ఆ మాటే వాడితో చెప్పి, ఎవరినీ నిందించకుండా అక్షరాన్ని దిద్దుకొన్నాను.

స్వస్తి.