సౌలు కవచము - మా ఇంటి చిన్న డ్రోను



మా పెద్దబ్బాయి ఇంటర్మీడియట్ పాసైనప్పుడు ఏమి కావాలని అడిగితే, "డ్రోను కావాలి నాన్నా" అన్నాడు. పెళ్లిళ్లలో ఫోటోలు తీసేది కాదు, పొలానికి మందు కొట్టేదీ కాదు. దీనిని ఎఫ్‌పీవీ అంటారు. డ్రోను ముందున్న కెమెరా చూసేదంతా, ఎగరవేసేవాడు కళ్లకు పెట్టుకున్న గాగుల్స్‌లో కనబడుతుంది. పిట్ట కళ్లతో చూసినట్టు ఉంటుందట.

మిరప అమ్మిన డబ్బు చేతిలో ఉంది. వాడు ఎవరో వాడి అమ్ముతున్న అయిదంగుళాల రెక్కల డ్రోను చూసి ముచ్చటపడ్డాడు. కొనిపెట్టాము. అటువంటిది గంటకు 100 కిలోమీటర్ల వేగం కూడా దాటగలదని మాకు అప్పుడు తెలియదు.

మొదటి రోజే కళ్లంలో ఎగరవేశాడు. స్టిక్ కొంచెం తోశాడో లేదో, అది లేచిన వేగానికి వాడే బెదిరిపోయాడు. పక్కకు ఒరిగి, కాయలు ఏరుతున్న చెల్లెలి మీదికి దూసుకుపోయింది. పిల్ల చేయి అడ్డం పెట్టుకుంది. మోచేతి కింద నాలుగు కుట్లు పడ్డాయి. కంటికి తగిలి ఉంటే? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ రాత్రి వాడిని అనరాని మాటలు అన్నాము. డ్రోనును ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాము. రెండు నెలలు వాడు మాతో సరిగా మాట్లాడలేదు. కుటుంబ ప్రార్థనలో కూర్చునేవాడే గాని నోరు తెరిచేవాడు కాదు.

ఒక సాయంత్రం చదువుకోవలసిన వాక్యము మొదటి సమూయేలు 17వ అధ్యాయము. సౌలు తన యుద్ధ సామగ్రి దావీదుకు తొడిగించడం, అలవాటు లేని వాటితో నడవలేనని దావీదు వాటిని తీసివేయడం చదివాము. మా వాడు తల దించుకుని, "నేను చేసిందీ అదే నాన్నా. అలవాటు లేనిది తొడుక్కున్నాను" అన్నాడు.

మా మనస్సు కలుక్కుమంది. దావీదుకు కవచము తొడిగించింది సౌలు. మా వాడికి తొడిగించింది మేము. ఇది వీడికి తగునా అని తెలిసినవారిని ఒక్కరినైనా అడగకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాము. ఆ తప్పు పిల్లలిద్దరి ఎదుట ఒప్పుకుని, ప్రార్థన చేసి, మళ్లీ మొదటి నుండి మొదలుపెట్టాము. ఈసారి తెలిసినవారిని అడిగి నేర్చుకున్న సంగతులు, ఇటువంటి కోరిక గల పిల్లలున్న ఇళ్లకు పనికివస్తాయని రాస్తున్నాము.

ముందు కొనవలసింది డ్రోను కాదు, రిమోటు. మంచి రిమోటు ఏళ్ల తరబడి ఉంటుంది. దానిని తీగతో కంప్యూటరుకు కలిపి లిఫ్టాఫ్, వెలోసిడ్రోన్ వంటి సిమ్యులేటర్లలో నేర్చుకోవచ్చు. అక్కడ వందసార్లు పడినా రెక్క విరగదు, ఎవరి చేయీ తెగదు. బంధువుల ల్యాప్‌టాప్ అడిగి తెచ్చి, నెల రోజులు రోజూ అరగంట అలాగే నేర్చుకున్నాడు.

తరువాత చిన్న డ్రోను. టైనీ వూప్ అంటారు. అరచేతిలో పట్టేంత ఉంటుంది, రెక్కల చుట్టూ ప్లాస్టిక్ వలయాలు ఉంటాయి. 65 మిల్లీమీటర్ల రకమైతే బరువు 30 గ్రాములకు అటూ ఇటూ. గోడకు తగిలినా పెద్దగా నష్టం ఉండదు. తయారైన డ్రోనులను విదేశాల నుండి తెప్పించుకోవడం మన ప్రభుత్వము 2022 ఫిబ్రవరిలో నిషేధించింది గాని, విడిభాగాలకు ఆ నిషేధము లేదు. మా వాడు విడిభాగాలు తెచ్చుకుని, సోల్డరింగ్ నేర్చుకుని తానే కట్టుకున్నాడు.

రిమోటుకు, డ్రోనులోని రిసీవరుకు పొత్తు కుదరాలి. గాగుల్స్ విషయమూ అంతే. అనలాగ్ గాగుల్స్‌లో డిజిటల్ డ్రోను బొమ్మ రాదు. మొదట అనలాగ్ అయితే ఖర్చు తక్కువ.

ఒక బ్యాటరీ మూడు నాలుగు నిమిషాలే వస్తుంది గనుక నాలుగైదు ఉండాలి. ఈ లిథియం బ్యాటరీ నిండితే 4.2 వోల్టులు. 3.5కు దిగేసరికి డ్రోను దించివేయాలి. వాడనప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. మనిషి కాపలా లేకుండా, పరుపుల మీద చార్జింగు పెట్టరాదు. ఉబ్బినదానిని మళ్లీ వాడరాదు, అగ్గి పుడుతుంది.

2021 డ్రోను నియమాల ప్రకారం 250 గ్రాములకు మించని నానో డ్రోనుకు పైలట్ లైసెన్సు అక్కరలేదు. అయినా విమానాశ్రయాల దగ్గర, నిషేధిత స్థలాలలో ఎగరవేయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది డబ్బుతో కొనేది కాదు. గాగుల్స్ పెట్టుకున్నవాడికి దూరాన ఉన్నది కనబడుతుంది గాని, తన కాళ్ల దగ్గర ఉన్నది కనబడదు. అందుకని పక్కన ఒక మనిషి నిలబడి ఆకాశము, నేల చూస్తూ హెచ్చరించాలి. పెద్ద కోరికల వెంట పరుగెత్తే పిల్లల పక్కన తల్లిదండ్రులు నిలబడవలసింది కూడా ఇలాగే గదా! మేము డబ్బు ఇచ్చాము గాని పక్కన నిలబడలేదు.

ఇప్పుడు మా వాడి పక్కన నిలబడేది వాడి చెల్లెలే. "అన్నయ్యా, మేక వస్తోంది, దించు" అని ఆమె కేక వేస్తే వెంటనే దించివేస్తాడు. ఆ పిల్ల చేతి మీద మచ్చ ఇంకా ఉంది.

పెద్ద డ్రోను ట్రంకుపెట్టెలోనే ఉంది. తాళం మాత్రం తీసివేశాము. వాడు ఇంతవరకు దానిని ముట్టుకోలేదు.

ప్రభువు మీ బిడ్డలను కాపాడునుగాక. ఆమేన్.