నా కాలిక్యులేటర్ మింగేసిన 4,450 రూపాయలు

మా ఇల్లు శంషాబాద్ బస్టాండ్ నుంచి కాస్త లోపలికి. తల మీద నుంచి విమానం పోతుంటే, ఫోన్లో మాట్లాడేవాళ్లు "ఒక్క నిమిషం" అని ఆగుతారు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికొచ్చాయి. ఆ తర్వాతే మా నాన్న స్టీరింగ్ పట్టాడు. ఇప్పుడు మాకు ఒక్కటే కారు, ఇద్దరు డ్రైవర్లు. పగలు నాన్న, రాత్రి చిన్నాన్న. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో గంటల తరబడి లైన్లో ఉండి, ఒక ట్రిప్పు కొట్టి, మళ్లీ లైన్లోకి. ఆదివారం పొద్దున ఇద్దరూ చాప మీద కూర్చుని వారం లెక్క చూసుకుంటారు. ఎవరు ఎంత నడిపారు, డీజిల్ ఎంత, టోల్ ఎంత, ఈఎంఐకి ఎంత తియ్యాలి. మిగిలింది చెరిసగం.

ఆ లెక్క కోసం నాన్న దగ్గర ఓ లాంగ్ నోట్‌బుక్ ఉండేది. దాన్ని మానిపించింది నేనే.

డిగ్రీ మొదటి సంవత్సరంలో పైథాన్ మొదలుపెట్టా. ల్యాప్‌టాప్ లేదు. ఫోన్లోనే పైడ్రాయిడ్ యాప్ వేసుకున్నా. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లలో చాలామంది మొదట్లో రాసేది కాలిక్యులేటరే. రెండు అంకెలు అడగాలి, కూడాలి, చూపించాలి. నాలుగు లైన్ల పని. రాసి, గర్వంగా నాన్న చేతిలో పెట్టా. ఆయన 500 కొట్టాడు, తర్వాత 300 కొట్టాడు. జవాబు: 500300.

"ఐదు లక్షలారా! అయితే రేపట్నుంచి నేను బండి తియ్య" అన్నాడు.

సంగతేంటంటే, మనం కీబోర్డు మీద ఏం కొట్టినా పైథాన్ దాన్ని ముందు అక్షరాల వరసగానే తీసుకుంటుంది. వాటి మధ్య ప్లస్ పెడితే కూడదు, పక్కపక్కన అతికిస్తుంది. "ఇది అంకె" అని మనమే చెప్పాలి. దానికి ఇంట్ అనే ఫంక్షన్ ఉంది. అది వేశా. 800 వచ్చింది.

"ట్రిప్పుకు సగటున ఎంత పడ్డదో కూడా చెప్తదా?" అన్నాడు నాన్న. చెప్పించా. మొత్తాన్ని ట్రిప్పుల సంఖ్యతో భాగిస్తే చాలు కదా! ఓ రోజు బండి సర్వీసింగ్‌కి పోయింది. ట్రిప్పులు సున్నా. నాన్న నిజాయితీగా సున్నా కొట్టాడు. స్క్రీన్ నిండా ఇంగ్లిష్, చివర్లో జీరో డివిజన్ ఎర్రర్. "ఫోన్ ఖరాబైందారా?" అని కంగారు పడ్డాడు.

సున్నాతో భాగహారం దగ్గర తడబడింది నేనొక్కణ్నే కాదని తర్వాత చదివా. 628లో సున్నాకి లెక్కల నియమాలు రాసిన బ్రహ్మగుప్తుడు, సున్నాని సున్నాతో భాగిస్తే సున్నానే అన్నాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు, సున్నాతో భాగిస్తే సంఖ్య మారదన్నాడు. ఆయన 'గణిత సార సంగ్రహం' ఆధారంగానే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో లెక్కల పుస్తకం రాశాడు. ఇవాళ్టి గణితం ఆ రెండు జవాబుల్నీ ఒప్పుకోదు. సున్నాతో భాగించడానికి అర్థమే లేదంటుంది. పైథాన్ కూడా అంతే. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోదు, ఆగిపోతుంది.

అలా ఆగిపోవడం ఎంత మంచిదో నాకప్పుడు తెలియలేదు. నాన్న ముందు పరువు పోయిందనే అనిపించింది.

ఆ రాత్రే ట్రై, ఎక్సెప్ట్ నేర్చుకున్నా. ట్రై అంటే "ఈ పని చేసి చూడు". ఎక్సెప్ట్ అంటే "కుదరకపోతే ఇది చెయ్యి". నేను అన్ని రోగాలకీ ఒకటే మందు వేశా. ఏ తేడా వచ్చినా సున్నా అనుకుని ముందుకు పో! ఖాళీగా ఎంటర్ కొట్టినా ఆగదు, అక్షరం కొట్టినా ఆగదు. నా దృష్టిలో అది సూపర్ హిట్. "ఇక నోట్‌బుక్ అక్కర్లేదు నాన్నా" అని చెప్పేశా. ఆయన నమ్మాడు. చిన్నాన్న రాత్రి ట్రిప్పుల డబ్బులు వాట్సాప్‌లో వాయిస్ పెట్టేవాడు. నాన్న ఆదివారం అవి వింటూ వరసగా కొట్టేవాడు. చివర్లో మొత్తం వచ్చేది. మొత్తం మాత్రమే.

మూడో ఆదివారం గొడవైంది.

నాన్న కోపంగా కూడా అనలేదు. "రాత్రంతా తిరుగుతున్నవ్, గింతేనా?" అన్నాడు. చిన్నాన్న చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

"అంటే ఏంది అన్నా? నేను దాచుకున్ననా?"

"నేను గట్లన్ననా?"

"అనకున్నా అర్థమైతది" అని గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆ రాత్రి తాళాలకు రాలేదు. సోమవారం రాత్రీ రాలేదు. కారు ఇంటి ముందే ఉంది. ఈఎంఐ తేదీ దగ్గరకొస్తోంది.

ఆ రెండ్రోజులూ నా ప్రోగ్రామ్ మీద నాకు అనుమానమే రాలేదు. నిజం చెప్పాలంటే, నేనూ చిన్నాన్ననే అనుమానించా. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మంగళవారం రాత్రి నిద్రపట్టక నాన్న ఫోన్ తీసుకున్నా. ఆ వారం వాయిస్‌లన్నీ మొదటి నుంచి వింటూ నేనే కొట్టా. మొత్తం 4,450 రూపాయలు ఎక్కువొచ్చింది! అవే అంకెలు, అదే ప్రోగ్రామ్. కొట్టిన చెయ్యి ఒక్కటే వేరు. నాన్నని లేపి "ఒక్కసారి నువ్వు కొట్టు" అన్నా. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా కొట్టాడు. 640. 780. తర్వాత ఒకటి, కామా, రెండు, ఐదు, సున్నా.

కామా!

వెయ్యి దాటితే కామా పెట్టడం నాన్నకి బడి నుంచి వచ్చిన అలవాటు. పైథాన్‌లో ఇంట్‌కి మాత్రం కామా ఉన్నది అంకె కాదు. అది వాల్యూ ఎర్రర్ అని అరిచింది. నా ఎక్సెప్ట్ దాని నోరు నొక్కి సున్నా రాసేసింది. 1,250 రూపాయల ట్రిప్పు సున్నా. వరంగల్ పోయొచ్చిన 3,200 సున్నా. మా బండికి వెయ్యి దాటే దూరపు ట్రిప్పులు తగిలేది ఎక్కువగా రాత్రిపూటే. అందుకే నాన్న లెక్క సరిగ్గా ఉండేది, చిన్నాన్నదే తరిగేది.

ప్రోగ్రామ్ ఆగిపోయి ఉంటే నాన్న నన్ను పిలిచి తిట్టేవాడు, అంతే. ఆగకుండా తప్పు చెప్పింది కాబట్టి ఇద్దరన్నదమ్ములకి మాటల్లేకుండా పోయాయి.

మా తల మీద నుంచి పోయే విమానాల లోకంలో ఇలాంటిదే పెద్ద కథ ఉంది. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767కి ఇంధనం లెక్క కట్టారు. ఇంధనం చూపించే మీటర్లు పనిచేయడం లేదు కాబట్టి చేత్తో లెక్కేశారు. కిలోల్లో చూడాల్సింది పౌండ్ల లెక్కతో గుణించారు. అంకె వచ్చింది, అందరూ నమ్మారు. ట్యాంకుల్లో ఉన్నది మాత్రం కావాల్సిన దాంట్లో సగం కూడా లేదు. దారి మధ్యలో, గాల్లో ఉండగానే ఇంజన్లు ఆగిపోయాయి. పైలట్లు దాన్ని గ్లైడర్‌లా గిమ్లీ అనే పాత ఎయిర్‌బేస్‌లో దించారు. ఎవరి ప్రాణమూ పోలేదు.

తెల్లారగానే నాన్న, నేను చిన్నాన్న ఇంటికి పోయాం. కామాతో ఒకసారి, లేకుండా ఒకసారి కొట్టి చూపించా. తప్పు నాదని చెప్పా. చిన్నాన్న చాలాసేపు స్క్రీన్ చూసి "నీ సున్నా పాడుగాను" అన్నాడు. నాన్న తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "మిషన్ మాట ఇన్న తమ్మీ, నీ మాట ఇనలే" అన్నాడు.

ఆ రోజు కాలేజీకి పోలేదు. ప్రోగ్రామ్ మళ్లీ రాశా. ఇప్పుడది ముందు కామాలు తీసేస్తుంది. అర్థం కానిది వస్తే సున్నా అనుకోదు, "ఇది అర్థం కాలేదు, మళ్లీ కొట్టండి" అని అడుగుతుంది. ట్రిప్పులు లేని రోజు సగటు జోలికే పోదు. మొత్తం చెప్పే ముందు కొట్టిన అంకెలన్నీ వరసగా చూపించి "సరేనా?" అంటుంది. తప్పుడు ఇన్‌పుట్‌లన్నీ ఇచ్చి పరీక్షించా. ఖాళీ, అక్షరాలు, చుక్కలు. తమాషాకి తెలుగు అంకెల్లో ౧౨౫౦ అని కూడా ఇచ్చా. పైథాన్ చక్కగా 1250 అని చదువుకుంది! కామా తెలియని దానికి మన అంకెలు తెలుసు.

మీరూ ఇప్పుడు కాలిక్యులేటర్ రాస్తుంటే, పూర్తయ్యాక ఇంట్లో కోడింగ్ తెలియని మనిషి చేతిలో పెట్టండి. పక్కన కూర్చుని, నోరు మూసుకుని, వాళ్ల వేళ్లు చూడండి.

లాంగ్ నోట్‌బుక్ మళ్లీ చాప మీదికొచ్చింది. ఫోన్ లెక్క, పుస్తకం లెక్క రెండూ కలిస్తేనే పంపకం. మొన్న ఆదివారం చిన్నాన్న కావాలనే "పన్నెండు వందలు" అని అక్షరాల్లో కొట్టాడు. అది అర్థం కాలేదని మళ్లీ అడిగింది.

"గిప్పుడు మంచిగైంది. తెల్వకుంటే తెల్వదంటుంది" అని నవ్వాడు. నాన్న మాత్రం పుస్తకంలో 1,200 అని రాసుకున్నాడు. కామాతోనే.