సికిందరాబాదులో పాత ల్యాప్‌టాపుల అంగడి

యాత్రను గూర్చిన వ్యాసమనగానే మనకు నదీతీరములు, కొండలు, గుడిగోపురములు జ్ఞాపకమునకు వచ్చును. ఈ నెల మేము వ్రాయబోవునది అట్టి పుణ్యక్షేత్రమును గూర్చి కాదు. సికిందరాబాదులోని యొక అంగడిని గూర్చి. మన యిండ్లలో పాతబడిన ల్యాప్‌టాపులు తుదకు చేరు చోట్లలో అది యొకటి. వానితోపాటు మన యింటి గుట్టు కూడ అచ్చటికి చేరుచున్నదా యని తెలిసికొనుటకే మేమీ ప్రయాణము చేసితిమి.

సికిందరాబాదు 1806వ సంవత్సరమున నిజాము సికందర్ జా పేర వెలసిన పట్టణము. ఇంగ్లీషు దండు విడిసిన చోటగుటచే అచ్చటి వీథులకు ఇంగ్లీషు పేర్లు పెక్కు నిలిచిపోయినవి. ఇప్పుడు మహాత్మాగాంధీ రోడ్డని పిలువబడు వీథి పూర్వము జేమ్సు స్ట్రీటు. అచ్చటి రైలు స్టేషనుకు నేటికిని ఆ పేరే కలదు. 2017 నవంబరులో మెట్రో రైలు నడువ నారంభించినది మొదలు ఆ ప్రాంతమునకు స్త్రీలు తోడు లేకుండ పోయివచ్చుట సైతము సులభమైనది. ప్యారడైజు స్టేషనులో దిగి కొంచెము దూరము నడచినచో పార్కు లేను వచ్చును. కంప్యూటరు వ్యాపారమునకు పేరుపొందిన చెనాయ్ ట్రేడ్ సెంటరు ఈ పార్కు లేనులోనిదే.

బయటికి అది యొక మేడయే గాని, లోన అడుగుపెట్టినచో ఒక సంతయే. అంగడిని ఆనుకొని అంగడి. ఒకచోట తెరలు, ఒకచోట కీబోర్డులు, ఒకచోట చుట్టలు చుట్టిన తీగలు. పాత ల్యాప్‌టాపులను బడిపిల్లల పలకలవలె ఒకదానిపై నొకటి పేర్చియుంచిరి. పడుచువాండ్రు చిన్న దీపముల వెలుగున వంగి, కంసాలి నగను విప్పినంత నేర్పుతో యంత్రముల మరలను విప్పుచుండిరి. క్రొత్తది కొన శక్తిలేక, కాలేజీలో చేరబోవు బిడ్డకు పాతదానినైనను కొనిపెట్టవలెనని వచ్చిన తల్లిదండ్రులను మేము పలువురను చూచితిమి. ఈ వ్యాపారమును చులకన చేయుట తగదు. ఒకరికి పనికిరాదని తోచినది మరియొకరి చదువునకు ఆధారమగుట మంచిదే కదా!

ఇచ్చటికి వచ్చు యంత్రముల సంఖ్య పెరుగుటకు ఒక కారణము కలదు. విండోస్ 10 అను వ్యవస్థకు మైక్రోసాఫ్టు వారు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ పోషణమును ముగించిరి. విండోస్ 11కు తగిన సామగ్రి లేని పాత యంత్రములు ఎన్నియో యిండ్లలో మూలబడినవి. వానిని అమ్మివేయవలెనని తోచుట సహజము.

పూర్వము మనము పాత ఇత్తడి బిందెను ఇచ్చి క్రొత్త దానిని తెచ్చుకొనెడివారము. ఇచ్చుటకు ముందు చింతపండుతో తోమి తళతళలాడించి ఇచ్చుచుంటిమి. ఆ బిందె ఎవరి యింట నీరు మోసినదో, ఆ యింట ఏ కలతలు జరిగినవో ఎవరికిని చెప్పదు. ఈ యంత్రము అట్టిది కాదు. ఇంటివారి ఆధారు కార్డులు, బ్యాంకు లెక్కలు, వైద్యుని చీట్లు, పురిటి నాటి ఫొటోలు, అక్కచెల్లెండ్రు వ్రాసికొన్న జాబులు, అన్నియు దాని కడుపులో నుండును. పైకెంత తోమినను లోపలివి పోవు.

మాతో వచ్చిన సోదరి మా పొరుగింటి ఆమె. ఆమె భర్త గతించి ఏడాది దాటినది. కుమార్తె కాలేజీ రుసుమునకు కొంత తక్కువపడగా, భర్త వాడిన ల్యాప్‌టాపును అమ్మదలచెను. బంధువుల పిల్లవాడొకడు అందులోని వన్నియు తీసివేసి, రీసైకిల్ బిన్నును కూడ ఖాళీచేసి ఇచ్చెనట. “ఇంక అందులో ఏమీ లేదు అక్కయ్యా, వెల తేల్చుకొని వద్దాం” అని ఆమె మాతో అనెను.

మేము పోయిన అంగడివాడు నడివయస్సు దాటినవాడు, మర్యాద తెలిసినవాడు. యంత్రమును అటునిటు త్రిప్పి చూచి, వెల చెప్పుటకు ముందు ఈ మాట అనెను: “అమ్మా, ఇది ఇల్లు ఊడ్చిన లెక్క గాదు. ఇంట్ల ఉన్నది ఇంట్లనే ఉన్నది. కనబడకుంట అయింది, గంతే. చూపియ్యమంటె చూపిస్త.”

ఆమె సరే ననెను. అతడు తన పనివాండ్రను దూరముగ పంపి, తెరను ఆమెవైపు మాత్రమే త్రిప్పి, పోయిన ఫైళ్లను వెదకు ప్రోగ్రామొకటి నడిపించెను. దొరికిన వానిని అదే డిస్కులో గాక వేరొక డిస్కులో పెట్టించెను. అందులోనే పెట్టినచో ఇంకను దొరకవలసినవి చెడిపోవునట. కొంతసేపటికి పేర్లు ఒక్కొక్కటిగా తెరమీదికి రాసాగెను. బ్యాంకు కాగితములు వచ్చెను. భీమా పత్రములు వచ్చెను. ఆమెకు జరిగిన శస్త్రచికిత్స తాలూకు వైద్యపరీక్షల కాగితములు వచ్చెను. పిమ్మట ఒక చిన్న శబ్దపు ఫైలు వచ్చెను. తెరచి చూడగా, గతించిన ఆ భర్త కంఠము. బిడ్డకు ఎక్కములు అప్పచెప్పించుచు, తప్పు చెప్పినప్పుడెల్ల నవ్వుచున్నాడు.

ఆమె చాలసేపు మాటలాడలేదు. కన్నులు తుడుచుకొని, తుదకు ఇట్లనెను: “పోయిందనుకొన్నది నాకు దొరికింది అక్కయ్యా. కాని నేను దీన్ని అమ్మేసి ఇంటికి పోయి ఉంటే, ఇది ఎవరికి దొరికేదో!”

మేము పాఠకురాండ్రకు చెప్పదలచినదంతయు ఆ ఒక్క మాటలో నున్నది. తీసివేసితిమనుకొన్నది తిరిగి దొరకును. ఎవరి చేతికి దొరకును అనునదే ప్రశ్న.

ఇది యెట్లు సంభవించునో తెలిసికొనుట కష్టము కాదు. సరకుల కొట్టులో ఇరువది జాడీలున్నవనుకొనుడు. ఏ జాడీలో నేమున్నదో ఒక పట్టీలో వ్రాసియుంచితిమి. ఒకనాడు పట్టీలో ఆవకాయ అను పేరు కొట్టివేసితిమి. అంతమాత్రమున ఆవకాయ పోయినదా? జాడీలో మరియొకటి పోయువరకు అది అట్లే యుండును. కంప్యూటరులో ఫైలును తీసివేయుట సామాన్యముగా పట్టీలో పేరు కొట్టివేయుటయే. త్వరగా ముగియు ఫార్మాటు పట్టీని చింపి క్రొత్త పట్టీ పెట్టుట వంటిది. జాడీలు కదలవు.

ఈ అజాగ్రత్త మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో నుండిన సిమ్సన్ గార్‌ఫింకెల్, అభి షెలాట్ అను ఇరువురు 2000 నవంబరు మొదలు 2002 ఆగస్టు వరకు 158 పాత హార్డు డిస్కులను కొని పరిశోధించిరి. వారు 2003లో ప్రకటించిన దానినిబట్టి, వానిలో పనిచేయుచుండినవి 129. వానిలో సరిగా తుడువబడినవి 12 మాత్రమే. ఒక డిస్కు బ్యాంకు సొమ్మునిచ్చు యంత్రములోనిదై, ఖాతాల సంఖ్యలతో సహా దొరికినదట. బ్యాంకులవారి వస్తువులే యిట్లు బజారునకు వచ్చినప్పుడు గృహస్థుల సంగతి చెప్పనేల?

ఇక చేయవలసిన దేమి? ఆ అంగడివాడు చెప్పినదియు, మేము విచారించి తెలిసికొన్నదియు వరుసగా చెప్పెదము. వరుస తప్పరాదు.

మొదట దాచుకొనవలసినది దాచుకొనవలెను. ఫొటోలు, కంఠస్వరములు, పత్రములు వేరొక డిస్కులోనికి ఎత్తి, ఆ డిస్కును మరియొక యంత్రమునకు తగిలించి, ఫైళ్లు తెరచుకొనుచున్నవో లేదో కన్నులార చూడవలెను. ప్రతి ఒక్కటి రెండు చోట్ల నుండుట మంచిది. తుడిచిన పిమ్మట విచారించి లాభము లేదు.

రెండవది, ఆ యంత్రమునుండి గూగుల్, మైక్రోసాఫ్టు, వాట్సాప్ మొదలగు ఖాతాలన్నిటినుండి బయటికి రావలెను. బ్రౌజరులో దాచియుంచిన పాస్‌వర్డులను తీసివేయవలెను. ఖాతాలో ‘మీ పరికరములు’ అను పట్టికనుండి కూడ ఆ యంత్రము పేరు తొలగింపవలెను. ఆపిల్ వారి యంత్రమైనచో ‘ఫైండ్ మై’ అను ఏర్పాటు ఆగినదో లేదో చూచుకొనవలెను. లేనిచో కొన్నవారికి చిక్కు కలుగును.

మూడవది తుడుచుట. విండోస్ 11లో సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అందులో ‘రీసెట్ దిస్ పీసీ’ అను చోటికి పోయి, ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ అనుదానిని ఎన్నుకొనవలెను. అంతటితో ఆగరాదు. ‘ఛేంజ్ సెట్టింగ్స్’ అనుచోట ‘క్లీన్ డేటా’ అనునది యుండును. దానికి అవునని చెప్పవలెను. జాడీలను ఖాళీచేయునది ఇదియే. దీనికి కొన్ని గంటలు పట్టవచ్చును గనుక ఛార్జరు తగిలించియే యుంచవలెను. ఇది గృహస్థులకు ఉద్దేశించినదే గాని ప్రభుత్వ కార్యాలయముల కట్టుబాట్లకు చాలదని మైక్రోసాఫ్టు వారే చెప్పుచున్నారు. ఇటీవలి ఆపిల్ యంత్రములలో ‘ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్’ అను ఏర్పాటు కలదు.

ఇచ్చట ఒక భేదము గుర్తింపవలెను. పాత యంత్రములలో తిరుగు పళ్లెముగల హార్డు డిస్కు ఉండెడిది. దానిమీద మరల వ్రాసినచో పాతది నశించును. ఇప్పటివానిలో నుండు ఎస్‌ఎస్‌డీ అట్టిది కాదు. అది వ్రాతను తనకు తోచిన గదిలో పెట్టుకొనును గనుక, పైపైని మరల వ్రాసినను పాతవి మూలలలో మిగులవచ్చును. దానికి తయారుచేసినవారిచ్చు చెరపు సాధనమును వాడవలెను. లేదా మొదటినుండియే ఎన్‌క్రిప్షన్ అను తాళము వేసియుంచవలెను. తుడుచునప్పుడు ఆ తాళపుచెవి నశించును. లోపల నేది మిగిలినను ఎవరికిని అర్థము కాదు. కావున యంత్రము కొన్ననాడే ఈ తాళము వేయుట మేలు.

నాలుగవది చిన్న విషయమైనను పెక్కుమంది మరచునది. ప్రక్క సందులలో పెన్ డ్రైవు, మెమరీ కార్డు మిగిలినవేమో చూడవలెను. అడుగున అతికించిన చీటీమీద పాస్‌వర్డు వ్రాసియున్నచో చించివేయవలెను. ఎంత నమ్మకస్థుడైనను అంగడివానికి పాస్‌వర్డు చెప్పి, “మీరే తుడిచివేయండి” అని వచ్చుట తగదు.

యంత్రము అసలే వెలుగకున్నచో? అది చచ్చినదని తలపరాదు. లోపలి డిస్కు బ్రతికియే యుండవచ్చును. మన యెదుటనే డిస్కును విప్పించి ఇంటికి తెచ్చుకొని, మిగిలినదానిని అమ్మవలెను. కొన్ని పలుచని యంత్రములలో డిస్కు పలకకే అతుకబడియుండును. అట్టివానిని 2022 ఈ-వ్యర్థముల నిబంధనల క్రింద నమోదైన వారికే అప్పగించి, ముక్కలు చేయుదురా యని అడిగి తెలిసికొనుట యుక్తము. ఇంట సుత్తితో కొట్టుట మాత్రము కూడదు. బ్యాటరీకి దెబ్బ తగిలినచో మంట లేచును.

ఇదంతయు మగవారి పని యని కొందరు సోదరీమణులు తలపవచ్చును. అంగడిలో మేము చూచినంతలో, యంత్రములను తెచ్చి అమ్మిపోవువారు లోపలి సంగతి తలపక, వెలను గూర్చియే మాటలాడుచుండిరి. ఏ ఫొటో ఎవరి కంట పడరాదో, ఏ జాబు దాచవలసినదో, ఏ కంఠస్వరము మరల దొరకదో ఇల్లాలికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు. బీరువా తాళములు కొంగున కట్టుకొనువారు ఈ తాళమును పరులకు విడువనేల?

మా పొరుగింటి ఆమె నాడు యంత్రమును అమ్మలేదు. దొరికిన వానితో డిస్కును, ల్యాప్‌టాపును ఇంటికి తెచ్చుకొనెను. అంగడివాడు తన శ్రమకు అడిగినది తీసికొని, “తుడిచినంక తీసుకరాండ్రి అమ్మా, గదే ధర ఇస్త” అని పంపెను. తల్లియు కుమార్తెయు మూడు రాత్రులు కూర్చుండి ఒక్కొక్క ఫైలును తెరచి చూచి, ఉంచవలసినవి రెండు చోట్ల ఉంచిరి. పిమ్మట యంత్రమును తుడువబెట్టిరి. ఆ రాత్రి అంతయు అది తన పని తాను చేసికొనుచుండెను. మరుసటి వారము అమ్మగా అతడు మాట తప్పక అదే వెల నిచ్చెను. రుసుము కట్టిరి. ఒక డిస్కు ఇప్పుడు ఆమె యినుప పెట్టెలో ఇంటి దస్తావేజుల ప్రక్కన నున్నది. రెండవది వరంగల్లులోని ఆమె పుట్టింట భద్రముగ నున్నది.