టామీగాడి పళ్ళ పంచాయితీ

వదినగారూ, ఒక్క నిమిషం ఆ మోటారు కట్టండి, మాట వినపడటం లేదు. మా కుక్క టామీగాడి సంగతే! డాక్టరుకి చూపించాం. పళ్ళు పీకాలట. ఒకటీ అరా కాదు, ఏడెనిమిది పైనే ఉంటాయన్నాడు.

వాడికి పదమూడేళ్ళు నిండాయి, పైగా గుండెలో మర్మర్, అంటే గుండె చప్పుడులో తేడా. మూడున్నర కిలోల ప్రాణికి మత్తివ్వడమేమిటని మా ఆయన ససేమిరా అంటున్నారు. ‘శుభ్రంగా తింటున్నాడుగా, వాడి జోలికెళ్ళకు’ అని ఒకటే పాట. తింటున్నాడన్నదే కదండీ మోసం! కుక్క నొప్పి ఓ పట్టాన బయటపెట్టదు. పెరుగన్నమైతే నమిలే పనిలేదు, మింగేస్తాడు. బిస్కెట్టు వేసి చూడండి, తల వాల్చి ఓ పక్కనే కొరుకుతాడు. ఈమధ్య తుమ్ములొకటి, ఎడమ ముక్కులోంచే చీమిడి. జలుబనుకున్నాం. పై కోరపన్ను వేరు దగ్గర కుళ్ళి, ముక్కులోకి దారి పడిందట. అక్కడ ఎముక రేకంత పల్చన.

ఈ పొమేరియన్లకి ఇది మామూలేనట. అల్సేషన్‌కీ 42 పళ్ళే, మావాడికీ 42 పళ్ళే. ఈ గుప్పెడు దవడలో చోటెక్కడిది? సంక్రాంతి ముందు హైదరాబాదు బస్సులో జనంలా ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి. సందుల్లో గార, గార కింద చీము. మత్తు లేకుండా గీకించేయమంటుంది మా ఆడపడుచు. అలా చేస్తే పైకి తెల్లగా మెరుస్తాయంతే. రోగం చిగురు కింద ఉంది. మెలకువగా ఉన్న కుక్క అక్కడ చెయ్యి పెట్టనిస్తుందా?

మత్తు సంగతి గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివే మా మేనల్లుడిని అడిగాను. బ్రిటన్ వాళ్ళు 2002 నుంచి 2004 దాకా లక్షకి కాస్త తక్కువ కుక్కల లెక్క తీశారట. మత్తుతో పోయినవి, ఆరోగ్యంగా ఉన్నవాటిలో దాదాపు రెండు వేలకి ఒకటి. జబ్బున్నవాటిలో నూటికి ఒకటి పైచిలుకు. ముసలివీ, 5 కిలోల లోపువీ అయితే ఇంకాస్త భయం. మావాడు ఏ లెక్కలోంచీ తప్పించుకోలేదు! నూటికి ఒకటంటే తక్కువే. ఆ ఒకటీ మన చంకలోదైతే?

అయినా మర్మర్ ఉన్నంత మాత్రాన మత్తు పనికిరాదని కాదట. చిన్న కుక్కలకి పెద్దతనంలో గుండె కవాటం లీకవడం ఉన్నదే. గుండె ఉబ్బిందా లేదా అన్నది తేలాలి. దానికి ఛాతీ ఎక్స్‌రే, ఎకో అనే గుండె స్కాను, కిడ్నీలకి రక్తపరీక్ష. మొదట చూసినాయన ఇవేవీ అడక్కుండానే ‘ఎల్లుండి తెచ్చేయండి’ అన్నాడు. గొంతులో గొట్టం పెట్టి గ్యాసు మత్తిస్తారా, పక్కనుండి బీపీ చూసే మనిషి ఉంటాడా అంటే నసిగాడు. నాకక్కడే మనసు విరిగింది. వేరే ఆవిడ దగ్గరకి వెళ్తున్నాం, అన్నీ ఓపిగ్గా చెప్పింది.

ఎకో బాగుంటే చేయించాల్సిందేనని నా పట్టు. మత్తులో ఎక్కువసేపు ఉంచలేమంటే రెండు విడతల్లో పీకుతారట, సరే. గుండె బాగాలేదంటారా, యాంటీబయాటిక్కూ నొప్పి మందుతో వెళ్ళదీయడమే. మన మాత్రలు కాదండోయ్! మా అత్తగారు పారాసిటమాల్ అరముక్క బెల్లంలో పెట్టి తినిపించబోయారు. చేతిలోంచి లాక్కున్నాను. కాలేయం పాడైపోతుందట. ఇప్పుడావిడ నాతో మాట్లాడటం లేదనుకోండి, అది వేరే కథ.

చివరికి మా ఆయన ఎకో దాకా ఒప్పుకున్నారు, తరవాత సంగతి తరవాతట. శనివారం పొద్దున్నే వెళ్ళాలి. అన్నయ్యగారు ఎప్పుడూ ఎక్కే ఆ ఆటో అబ్బాయి నంబరివ్వరూ? అతనైతే గోతులు చూసి నడుపుతాడు.