సైకిళ్ల మీద తుల్జాపూర్

సోలాపూర్ నుంచి తుల్జాపూర్ 45 కిలోమీటర్లు. బస్సులో ఎన్నిసార్లు పోయామో! మొన్న సంక్రాంతికి ముందు చెరో సైకిల్ తీశాం. 1871 నాటి హిప్పర్గా చెరువు గట్టున జొన్నరొట్టె, శేంగా చట్నీ తిని, కాసేపు నడుం వాల్చాం. అక్కడే ఆలస్యమైంది.

చీకటి పడేసరికి ఊరింకా దూరమే. ఓ రైతు తన చేలో వేపచెట్టు కింద పడుకోమన్నాడు. లేత జొన్నకంకులు కాల్చి హుర్డా పెట్టాడు. ఆ రుచి బజార్లో దొరకదు.

టార్పాలిన్ మీద పడుకున్నాక, "ఎంత నిశ్శబ్దంగా ఉందే!" అన్నారు మా ఆయన.

చుట్టూ కీచురాళ్లు హోరెత్తిపోతున్నాయి.

30 ఏళ్లు సాంచాల చప్పుడులో పనిచేసిన చెవులు. ఇంట్లో టీవీ గట్టిగా పెడితే నేనే కసురుకునేదాన్ని.

తెల్లారి ఘాట్ ఎక్కుతూ, దగ్గరికెళ్లి గట్టిగా చెప్పాను: "ఇంటికి పోగానే చెవి డాక్టర్‌కి చూపిద్దామండీ."

"ముందు అమ్మవారిని చూద్దాం" అన్నారు, సైకిల్ నెట్టుకుంటూ.